రీఛార్జ్ తర్వాత నెట్‌వర్క్‌లో జరిగే సంభాషణ

(తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసినది.)

నమస్కారం. వెనక బెంచీలవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ముందు ఒక ప్రశ్న. మీలో రోజుకి ఒకటిన్నర జీబీ, రెండు జీబీ ప్యాక్ వాడేవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. మరి ఆ ఒకటిన్నర జీబీ అయిపోయిందని ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఎవరు లెక్కపెడతారు? ఇక్కడ ఎవరో టవర్ అన్నారు. కాదు. టవర్‌కి మీ ప్యాక్ సంగతే తెలియదు. మీరు ఎంత కట్టారో, ఇంకా ఎంత మిగిలిందో దానికి అక్కర్లేదు. ఫోన్ కూడా లెక్కపెట్టుకుంటుంది కానీ, ఆ లెక్కని నెట్‌వర్క్ నమ్మదు. నమ్మకూడదు కూడా.

లెక్కపెట్టేది గేట్‌వే. 4జీలో దాన్ని పీ గేట్‌వే అంటాం, మీ ఫోన్ నుంచి ఇంటర్నెట్‌కి వెళ్ళే ప్రతి ప్యాకెట్ దాని గుండానే పోవాలి. ఆ గేట్‌వే లోపల పీసీఈఎఫ్ అని ఒక భాగం ఉంటుంది, ఆపడం, వదలడం, లెక్కపెట్టడం దాని పని. కానీ నిర్ణయం దానిది కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరికి ఎంత స్పీడు ఇవ్వాలి, ఏ ట్రాఫిక్‌కి ఏ ప్రాధాన్యం ఇవ్వాలి అనేది పీసీఆర్ఎఫ్, అంటే పాలసీ నిర్ణయించే సర్వర్ చెబుతుంది. ఎవరి దగ్గర ఎంత బ్యాలెన్స్ ఉంది, ఇంకా ఎంత వాడనివ్వచ్చు అనేది ఓసీఎస్, అంటే ఆన్‌లైన్ ఛార్జింగ్ సిస్టం చెబుతుంది. గేట్‌వేకి, పీసీఆర్ఎఫ్‌కి మధ్య దారి పేరు జీఎక్స్. గేట్‌వేకి, ఓసీఎస్‌కి మధ్య దారి పేరు జీవై. ఈ రెండు పేర్లూ ఇవాళ చాలాసార్లు వస్తాయి.

ఇవన్నీ మాట్లాడుకునే భాష డయామీటర్ ప్రోటోకాల్. మొదటి ప్రమాణం 2003లో వచ్చింది, ఆర్ఎఫ్‌సీ 3588. ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే డాక్యుమెంట్. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2012 నాటి 6733. బ్యాలెన్స్ గురించి అడగడానికి విడిగా క్రెడిట్ కంట్రోల్ అని ఒక అప్లికేషన్ ఉంది, అది 2005లో ఆర్ఎఫ్‌సీ 4006గా వచ్చింది, 2019లో 8506గా మారింది. మొదట్లో పాలసీ వేరు, ఛార్జింగ్ వేరు. మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ వాళ్ళు రిలీజ్ 7లో రెండింటినీ ఒకే చట్రంలోకి తెచ్చారు. 23.203 అనే డాక్యుమెంట్ అదే. పెద్దది, కానీ చదవండి, దాని మీద రాసిన వ్యాసాలు చదివి ఊరుకోకండి.

సరే, అసలు విషయం. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఒక్కటే. ఈ సిస్టం బాగా పని చేస్తుందా లేదా అనేది బాక్సుల శక్తి మీద కంటే, వాటి మధ్య ఎన్ని ప్రశ్నలు నడుస్తాయి, ఎప్పుడు నడుస్తాయి, జవాబు రాకపోతే ఏం చేస్తారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. డిజైన్ అంతా అక్కడే ఉంది. మిగతాది కాన్ఫిగరేషన్.

మొదట ఎన్ని ప్రశ్నలు అన్నది చూద్దాం.

మీరు మొబైల్ డేటా ఆన్ చేస్తారు. గేట్‌వే ఓసీఎస్‌కి సీసీఆర్, అంటే క్రెడిట్ కంట్రోల్ రిక్వెస్ట్, ఇనీషియల్ పంపుతుంది: ఈ నంబర్ మనిషి వచ్చాడు, ఇతనికి కొంత డేటా ఇవ్వచ్చా? ఓసీఎస్ సీసీఏ అనే ఆన్సర్ మెసేజ్‌లో జవాబిస్తుంది: ఇవ్వచ్చు, ఇదిగో ఇంత. ఇక్కడ ఒకటి గమనించాలి. ఓసీఎస్ మీ ఒకటిన్నర జీబీ మొత్తాన్నీ ఒకేసారి గేట్‌వే చేతిలో పెట్టదు. ఇంట్లో పిల్లాడిని అంగడికి పంపేటప్పుడు బీరువాలో ఉన్నదంతా ఇవ్వం కదా, ఒక వంద చేతిలో పెట్టి, చాలకపోతే వచ్చి అడుగు, మిగిలితే తిరిగి ఇవ్వు అంటాం. ఇదీ అంతే. కొంత కోటా ఇస్తుంది, అంతమేరకు బ్యాలెన్స్‌లో పక్కన పెట్టుకుంటుంది. అది అయిపోవస్తుండగా గేట్‌వే సీసీఆర్ అప్‌డేట్ పంపి, ఇంత వాడాడు, ఇంకొంచెం ఇవ్వు అంటుంది. మీరు డేటా ఆఫ్ చేస్తే సీసీఆర్ టెర్మినేట్, వాడిన లెక్క చెప్పి, మిగిలింది వెనక్కి.

మరి ఆ కోటా ఎంత ఉండాలి? 10 ఎంబీయా? 100 ఎంబీయా? చిన్న ప్రశ్నలాగా ఉంది కదా? లెక్క వేద్దాం, బోర్డు చూడండి. ఊహకి ఒక కోటి మంది చందాదారులు ఉన్నారనుకుందాం, ఒక్కొక్కరు రోజుకి 1.5 జీబీ వాడతారనుకుందాం. కోటా 10 ఎంబీ అయితే ఒక్కో మనిషికి రోజుకి 150 ప్రశ్నలు. కోటి మందికి 150 కోట్ల ప్రశ్నలు. రోజుకి 86,400 సెకన్లు, భాగిస్తే సగటున సెకనుకి 17,000 పైచిలుకు. జవాబులు కలిపితే రెట్టింపు. ఇది సగటు మాత్రమే, రాత్రి తొమ్మిదింటికి సగటు ఉండదు. అదే కోటా 100 ఎంబీ చేస్తే పదోవంతుకి పడిపోతుంది, సెకనుకి 1,700 చిల్లర. ఒక్క సున్నా మార్చాం, అంతే.

అలాగని కోటా పెంచుకుంటూ పోదామా? కుదరదు. గేట్‌వే చేతిలో 100 ఎంబీ ఉండగా ఆ మనిషికి బ్యాలెన్స్‌లో మిగిలింది ఆ వందతో కలిపి 120 ఎంబీ అనుకోండి, అతను ఇంకో సర్వీసు మొదలుపెడితే దానికి 20 ఎంబీనే దొరుకుతుంది, మొదటి 100 వాడకుండా అలాగే పట్టి ఉంచబడుతుంది. యాప్‌లో చూస్తే బ్యాలెన్స్ ఉంది, నెట్ మాత్రం నడవదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళకి అర్థం కాదు. అందుకే మంచి ఓసీఎస్‌లు బ్యాలెన్స్ ఎక్కువున్నప్పుడు పెద్ద ముక్కలు, తగ్గేకొద్దీ చిన్న ముక్కలు ఇస్తాయి. వాలిడిటీ టైం పెడతాయి, ఆ సమయంలో వాడకపోయినా వచ్చి లెక్క చెప్పాలి. కోటా హోల్డింగ్ టైం పెడతాయి, కొంతసేపు ట్రాఫిక్ లేకపోతే కోటా వెనక్కి ఇచ్చేయాలి. ఇవి ఎవరో పరీక్ష పేపర్ కోసం పెట్టిన ఫీల్డులు కావు. ఒక్కో ఫీల్డు వెనక ఒక బాధ ఉంది.

ఇక ఆఖరి ముక్క. బ్యాలెన్స్ అయిపోతుంటే ఓసీఎస్ చివరి కోటాతో పాటు ఫైనల్ యూనిట్ ఇండికేషన్ అని ఒక మాట పంపుతుంది: ఇది ఆఖరిది, ఇది అయ్యాక ఇలా చెయ్యి. మూడు దారులున్నాయి. కట్ చేసేయడం, రీఛార్జ్ పేజీకి మళ్ళించడం, లేదా కొన్ని చోట్లకి మాత్రమే వెళ్ళనివ్వడం. మళ్ళించడం అనేది వెబ్ అంతా మామూలు హెచ్‌టీటీపీలో ఉన్న రోజుల్లో బాగా పనిచేసేది. ఇప్పుడు దాదాపు అంతా హెచ్‌టీటీపీఎస్, మధ్యలో గేట్‌వే దూరి వేరే పేజీ చూపించలేదు, యాప్ తిరుగుతూ ఉంటుంది అంతే. కాబట్టి మూడో దారే దిక్కు, ఆపరేటర్ సైటుని, పేమెంట్ సైటుని వదలాలి. వినడానికి సులభంగా ఉందా? ఒక యూపీఐ చెల్లింపు పూర్తవ్వాలంటే ఎన్ని సర్వర్లు తాకాలో లెక్కపెట్టి చూడండి. యాప్ సర్వర్, బ్యాంకు, బొమ్మలు ఇచ్చే సీడీఎన్, అందులో ఒక్క అడ్రస్ లిస్టులో లేకపోయినా పేమెంట్ మధ్యలో ఆగిపోతుంది. ఎక్కడో పల్లె నుంచి వచ్చి అలిపిరి దగ్గర నిలబడ్డ మనిషి, చేతిలో ఒకటే సిమ్, వైఫై లేదు, డబ్బులున్నాయి, రీఛార్జ్ చేసుకోవాలనే ఉంది, చేసుకోలేడు. ఈ లిస్టు తయారుచేసే పని ఎవరికైనా అప్పగిస్తే అది చిన్న పని అనుకోకండి. నిజం సిమ్‌తో, నిజంగా సున్నా బ్యాలెన్స్‌తో, అన్ని పేమెంట్ యాప్‌లతో కూర్చుని పరీక్ష చేయండి.

ఇప్పుడు ఎప్పుడు అడగాలి అనే ప్రశ్న

మన దేశంలో రోజువారీ ప్యాక్‌లు ఎక్కువ. పగలు డేటా అయిపోతే చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి తగ్గుతుంది. ఎలా తగ్గుతుంది? కోటా అయిపోయిందన్న సంగతి పీసీఆర్ఎఫ్‌కి అందుతుంది. ఓసీఎస్ ఎస్‌వై అనే దారిలో చెప్పచ్చు, లేదా గేట్‌వేనే జీఎక్స్ మీద యూసేజ్ రిపోర్ట్ ఇవ్వచ్చు. అప్పుడు పీసీఆర్ఎఫ్ కొత్త గరిష్ఠ వేగం పంపుతుంది, గేట్‌వే దాన్ని అమలు చేస్తుంది. పగలు ఇది ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో జరుగుతుంది, ఒకరు పదకొండింటికి, ఒకరు నాలుగింటికి. ఇబ్బంది లేదు.

కానీ తిరిగి పెంచేది ఎప్పుడు? అర్ధరాత్రి పన్నెండింటికి. అందరికీ పన్నెండింటికే! స్పీడు తగ్గి ఉన్నవాళ్ళు 20 లక్షల మంది అనుకోండి, 00:00:00 అనే ఒకే సెకనులో 20 లక్షల మెసేజ్‌లు. ఏ సిస్టం తట్టుకుంటుంది? తట్టుకోలేదు. జవాబులు ఆలస్యం అవుతాయి, గేట్‌వే జవాబు రాలేదని మళ్ళీ అడుగుతుంది, ఆ మళ్ళీ అడగడం వల్ల రద్దీ ఇంకా పెరుగుతుంది. దీన్నే మా వాళ్ళు సిగ్నలింగ్ స్టార్మ్ అంటారు. ఇందులో కస్టమర్ తప్పు లేదు, మెషీన్ తప్పు లేదు, అందరికీ ఒకే గడియారం పెట్టినవాళ్ళదే తప్పు.

పరిష్కారం ఏమిటి? ఎవరైనా చెబుతారా? సర్వర్లు పెంచాలి అంటున్నారు. రోజులో ఒక్క నిమిషం కోసం సర్వర్లు కొంటామా? వద్దు. ప్రమాణంలోనే ఇంతకంటే మంచి దారులున్నాయి. ఒకటి, మళ్ళీ వచ్చి అడగాల్సిన సమయాన్ని ఒక్కొక్కరికి కొద్దిగా జరిపి ఇవ్వడం. 20 లక్షల్ని పది నిమిషాల్లో సర్దితే సెకనుకి 3,300 చిల్లర, హాయిగా నడుస్తుంది. ఇంకోటి, నాకు ఎక్కువ ఇష్టమైనది, ముందే చెప్పి ఉంచడం. పీసీఆర్ఎఫ్ రూల్ పంపేటప్పుడే రూల్ యాక్టివేషన్ టైం, డీయాక్టివేషన్ టైం పెట్టచ్చు: ఈ రూల్ పన్నెండు వరకు, ఆ రూల్ పన్నెండు నుంచి. గేట్‌వే ఎవర్నీ అడగకుండా దానంతట అదే మారుస్తుంది. ఛార్జింగ్ వైపు కూడా ఇలాంటిదే ఉంది, టారిఫ్ టైం ఛేంజ్. ఫలానా సమయంలో రేటు మారుతుందని ఓసీఎస్ ముందే చెబుతుంది, గేట్‌వే ఆ సమయానికి ముందు వాడింది వేరుగా, తర్వాత వాడింది వేరుగా లెక్కపెట్టి, తీరిగ్గా తర్వాతి మెసేజ్‌లో చెబుతుంది. పన్నెండింటికి ఒక్క మెసేజ్ కూడా నడవదు. 2005 నాటి ఆర్ఎఫ్‌సీలో ఉంది ఇది. దాన్ని రాసినవాళ్ళ ముందుచూపుకి నాకు చాలా గౌరవం.

ఎప్పుడు అడగాలి అన్నదానికే మన ఊరి ఉదాహరణ ఇంకోటి. పీసీఆర్ఎఫ్ గేట్‌వేకి ఈవెంట్ ట్రిగ్గర్లు ఇస్తుంది, అంటే ఏం జరిగితే వచ్చి చెప్పాలో. 4జీ నుంచి 3జీకి మారితే చెప్పు, కోటా అయితే చెప్పు, ఇలా. అందులో యూజర్ లొకేషన్ ఛేంజ్ అని ఒకటి ఉంది. ఎవరో ఒక ప్లాన్ కోసం దాన్ని అందరికీ ఆన్ చేశారనుకోండి. ఇప్పుడు రెండో ఘాట్ రోడ్డులో కొండెక్కే బస్సు ఊహించుకోండి, మలుపు మలుపుకీ సెల్ మారుతుంది, బస్సులో యాభై ఫోన్లు, ముందూ వెనకా ఎన్నో బస్సులు, కార్లు. మారిన ప్రతిసారీ ప్రతి ఫోన్ తరఫున ఒక మెసేజ్. ఆ మెసేజ్‌తో పీసీఆర్ఎఫ్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు, చూసి పక్కన పడేస్తుంది. అక్కర్లేని ప్రశ్న అడగకండి, అక్కర్లేని కబురు తెప్పించుకోకండి.

కాల్ విషయంలో మాత్రం లెక్క వేరు

ఇంతవరకు తక్కువ మెసేజ్‌లు మంచివి అన్నాను. వోల్టీ, అంటే 4జీ మీదే నడిచే వాయిస్ కాల్‌లో మాత్రం ప్రతి మెసేజ్‌కీ విలువ ఉంది. గరుడ సేవ రోజు సాయంత్రం కొండమీద జనం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందరూ వీడియోలు పంపుతుంటారు. ఆ రద్దీలో తప్పిపోయిన పెద్దాయనకి కొడుకు ఫోన్ చేస్తాడు. వోల్టీ అంటే మాట కూడా డేటా ప్యాకెట్లే కదా, మరి ఆ వీడియోల మధ్య మాట ఎలా బయటపడుతుంది?

ఇలా. కొడుకు నంబర్ నొక్కగానే ఫోన్ సిప్ ఇన్వైట్, అంటే కాల్ మొదలుపెట్టమనే మెసేజ్ పంపుతుంది, అది పీ-సీఎస్‌సీఎఫ్ అనే సర్వర్‌కి చేరుతుంది. ఆ సర్వర్ ఆర్ఎక్స్ అనే దారిలో పీసీఆర్ఎఫ్‌కి ఏఏఆర్ అనే మెసేజ్ పంపుతుంది: ఈ ఐపీ అడ్రస్ మనిషికి వాయిస్ కాల్ కావాలి, ఈ పోర్టులు, ఇంత బ్యాండ్‌విడ్త్. పీసీఆర్ఎఫ్ ఆ ఐపీ అడ్రస్‌ని పట్టుకుని, ఇతని జీఎక్స్ సెషన్ ఏదో వెతికి, గేట్‌వేకి ఆర్ఏఆర్ అనే మెసేజ్‌లో కొత్త రూల్ పంపుతుంది. గేట్‌వే ఆ కాల్ కోసం విడిగా ఒక బేరర్, అంటే ప్రత్యేకమైన దారి తెరుస్తుంది, టవర్ దాకా, ఫోన్ దాకా. ఆ బేరర్ క్యూసీఐ, అంటే సేవా నాణ్యత తరగతి, 1. ప్యాకెట్ ఆలస్యానికి 100 మిల్లీసెకన్ల హద్దు, బిట్ రేటుకి గ్యారంటీ. మామూలు ఇంటర్నెట్ క్యూసీఐ 9లో పోతుంది, దాని హద్దు 300, గ్యారంటీ లేదు. ఇదంతా అవతల రింగ్ వినిపించే లోపు జరగాలి.

టవర్ నిండిపోయి ఉంటే? అప్పుడు ఏ బేరర్‌కి ముందు చోటు ఇవ్వాలో చెప్పే ఏఆర్‌పీ చూస్తుంది. 1 నుంచి 15 దాకా అంకెలు, 1 అన్నిటికంటే పై స్థాయి. ఒక బేరర్ ఇంకొకదాన్ని తోసి చోటు తీసుకోగలదా, తనని ఇంకొకటి తోసెయ్యచ్చా అని రెండు జెండాలు కూడా ఉంటాయి. ఈ అంకెలు పెట్టేది ప్లానింగ్ టీంలో కూర్చున్న మనుషులు, మెషీన్ కాదు. కాబట్టి ఇది సాంకేతిక ప్రశ్నే కాదు, ఎవరి మాట ముందు వినిపించాలి అనే ప్రశ్న కూడా.

ఇంకో చిక్కు. పెద్ద నెట్‌వర్క్‌లో పీసీఆర్ఎఫ్ ఒకటే ఉండదు. కొడుకు జీఎక్స్ సెషన్ మూడో పీసీఆర్ఎఫ్‌లో ఉండి, కాల్ తాలూకు ఏఏఆర్ ఐదోదానికి వెళ్తే? ఆ మనిషి ఎవరో దానికి తెలియదు. అందుకే మధ్యలో డీఆర్ఏ అనే రూటింగ్ ఏజెంట్ ఉంటుంది, ఎవరి సెషన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అక్కడికే పంపుతుంది. కాల్ కలవట్లేదన్న ఫిర్యాదు వస్తే మొదట నేను చూసేది ఈ బైండింగ్‌నే, అంటే ఎవరి సెషన్ ఏ పీసీఆర్ఎఫ్‌లో ఉందన్న ఆ గుర్తునే.

సరే, మూడో ప్రశ్న: జవాబు రాకపోతే? గేట్‌వే అడిగింది, ఓసీఎస్ పలకట్లేదు. జవాబు కోసం ఎదురుచూసే టీఎక్స్ టైమర్‌కి ఆర్ఎఫ్‌సీ సూచించిన విలువ 10 సెకన్లు. ఆ తర్వాత? ఫెయిల్యూర్ హ్యాండ్లింగ్ అని ఒక ఫీల్డు ఉంది. టెర్మినేట్ అంటే కనెక్షన్ తెంచేయి. కంటిన్యూ అంటే వాడనివ్వు, డబ్బు సంగతి తర్వాత. మూడోది, ఇంకో సర్వర్‌ని అడిగి చూసి, అక్కడా జవాబు లేకపోతే తెంచేయి. ఏమీ చెప్పకపోతే టెర్మినేటే. నేను పనిచేసిన ప్రతి చోటా దీని మీద వాదన జరిగింది. డబ్బు పోతుందని ఫైనాన్స్ వాళ్ళ భయం. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: డబ్బు కట్టిన మనిషిని, మన సర్వర్ పడిపోయిందని, చీకట్లో వదిలేయడానికి మనకి హక్కు లేదు. ఒక పరిమితి పెట్టి, అరగంటో గంటో, వాడనివ్వండి. లెక్కలు తర్వాత సరిచూసుకోవచ్చు.

అత్యవసర కాల్ అయితే ఇక వాదనే లేదు. 112కి ఫోన్ చేస్తే బ్యాలెన్స్ చూడరు, పీసీఆర్ఎఫ్ చందా వివరాలు కూడా అడగదు, ప్రమాణమే అలా రాశారు. మీరెప్పుడైనా ఈ సిస్టం మీద టెస్ట్ కేసులు రాస్తే మొదటి కేసు ఇదే రాయండి. సున్నా బ్యాలెన్స్, ఓసీఎస్ ఆపేసి ఉంది, అత్యవసర కాల్ కలవాలి.

ఒకరు చీటీ పంపారు: యాప్‌ని బట్టి వేరే రేటు వేయచ్చా అని. సాంకేతికంగా వేయచ్చు, రేటింగ్ గ్రూప్ అనే నంబర్ ఉన్నదే అందుకు, వీడియోకి ఒక గ్రూప్, చాటింగ్‌కి ఒక గ్రూప్. కానీ మన దేశంలో 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం, కంటెంట్‌ని బట్టి డేటాకి వేరే వేరే ధరలు పెట్టకూడదు. లక్షలమంది ట్రాయ్‌కి మెయిల్స్ పంపిన తర్వాత వచ్చిన నిబంధన అది. అది మంచి నిర్ణయం అని నేను నమ్ముతాను. ఏ సైటు చవగ్గా దొరకాలో గేట్‌వే నిర్ణయించడం మొదలుపెడితే, మీలో ఎవరైనా ఇక్కడ తిరుపతిలో కూర్చుని ఒక చిన్న యాప్ చేస్తే దాన్ని ఎవరు చూస్తారు?

5జీ గురించి క్లుప్తంగా చెబుతాను. పేర్లు మారాయి. పీసీఆర్ఎఫ్ బదులు పీసీఎఫ్, ఓసీఎస్ స్థానంలో సీహెచ్ఎఫ్. గేట్‌వేని రెండుగా విడదీశారు, నడిపేది ఎస్ఎంఎఫ్, ప్యాకెట్లు మోసేది యూపీఎఫ్. డయామీటర్ బదులు హెచ్‌టీటీపీ/2 మీద జేసన్, కాబట్టి వెబ్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళకి దగ్గరి పని. ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ ఛార్జింగ్ రెండూ సీహెచ్ఎఫ్‌లో ఒకే చోట కలిశాయి. కానీ కోటా ఎంత ఇవ్వాలి, అర్ధరాత్రి ఏం చేయాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి? ఈ మూడూ ఎక్కడికీ పోలేదు.

చివరిగా ల్యాబ్ గురించి. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఓపెన్‌5జీఎస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పీసీఆర్ఎఫ్ ఉంది, పీసీఎఫ్ ఉంది. వోల్టీ చూడాలంటే దానికి కమాయిలియో అనే సిప్ సర్వర్ కలుపుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద నడుస్తుంది. ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ తెరిచి ఫిల్టర్‌లో డయామీటర్ అని కొట్టండి. సెషన్ ఐడీ పట్టుకుని ఏ సీసీఆర్‌కి ఏ సీసీఏ జవాబో జతలు కలపండి, రిక్వెస్ట్ నంబర్లు ఎలా పెరుగుతున్నాయో చూడండి. అది అర్థమయ్యాక సెషన్ నడుస్తుండగా పీసీఆర్ఎఫ్‌ని ఆపేసి, ఏ మెసేజ్ ఎన్ని సెకన్ల తర్వాత మళ్ళీ వెళ్ళిందో, చివరికి గేట్‌వే ఏం చేసిందో రాసుకోండి. ఆ కాగితంతో వస్తే మిగతా ప్రశ్నలు మాట్లాడుకుందాం, సాయంత్రం వరకు ఇక్కడే ఉంటాను.